ఆకలికి వెల కట్టని సువార్త

పది మంది కుష్ఠురోగులు దూరంగా నిలబడి యేసును వేడుకున్న సంగతి మనందరికీ తెలుసు. పది మందీ బాగయ్యారు. వారిలో ఒక్కడే తిరిగి వచ్చి కృతజ్ఞతలు చెప్పాడు. అతడు కూడా పరాయివాడు, సమరయుడు. మిగతా తొమ్మిది మంది ఎటు పోయారో లూకా సువార్తలో లేదు. కానీ ఒక సంగతి మాత్రం గమనించాలి. తిరిగి రాలేదని ప్రభువు ఆ తొమ్మిది మంది స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. నన్ను వెంబడిస్తేనే బాగుచేస్తానని వారికి ముందుగా షరతు పెట్టలేదు. ఇచ్చాడు, అంతే. తిరిగి రావడం రాకపోవడం వారి మనసుకే వదిలేశాడు.

మనం ఆపదలో ఉన్న అపరిచితుడికి పట్టెడన్నం పెట్టేటప్పుడు మన మనసులో ఏముంటుంది? అతడు మన ప్రార్థనకు వస్తాడనే ఆశ ఉంటుందా? రాకపోతే కోపం వస్తుందా? ఆకలితో ఉన్నవాడి దగ్గర సువార్త చెప్పడం ధర్మమా, అతడి బలహీనతను ఆసరా చేసుకోవడమా? క్రైస్తవులను లోకం ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్న ఇది. ఈ ప్రశ్న దాదాపు 150 ఏళ్ళ కిందట మన ఒంగోలు గడ్డ మీద ఒక దైవజనుడి ముందు చాలా తీవ్రంగా నిలబడింది. దానికి ఆయన తన చేతలతోనే జవాబు చెప్పాడు. ఆయనే క్లౌ దొరగా మన పెద్దలు గుర్తుపెట్టుకున్న జాన్ ఎవరెట్ క్లౌ.

గొలుసు పట్టి నేల కొలిచిన చేతులు

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఫ్రూస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అదే ఏడాది అమెరికా బాప్టిస్టులు తెలుగువారి కోసం శామ్యూల్ డే అనే మిషనరీని పంపి తమ పని ప్రారంభించారు. పసివాడు పుట్టిన సంవత్సరమే అతడు చేయబోయే పనికి పునాది పడిందన్నమాట. క్లౌది పేద రైతు కుటుంబం. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ కుటుంబం పడమటి రాష్ట్రాలకు వలస పోయింది. క్లౌ పదిహేడు పద్దెనిమిదేళ్ళ ప్రాయంలోనే మిన్నెసోటా ప్రాంతపు అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంలో చేరాడు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి పని లెక్కకట్టడం, మనుషులతో పని చేయించడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ పని తనకు భారతదేశంలో ఉపయోగపడుతుందని అప్పుడతనికి కలలోనైనా తెలియదు. దేవుడు మాత్రం ఏ అనుభవాన్నీ వృథా పోనివ్వడు.

న్యాయవాది కావాలని చదువు మొదలుపెట్టిన ఆ యువకుడికి దేవుడి మీద పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ కళాశాలలో ఉండగా అతడి హృదయం మారింది. 1858లో మిసిసిపీ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. కొన్నేళ్ళకు మిషనరీ సేవకు తనను తాను అప్పగించుకున్నాడు.

అప్పటికి తెలుగు మిషన్ పరిస్థితి ఏమీ బాగాలేదు. నెల్లూరులో ఏళ్ళ తరబడి శ్రమించినా విశ్వాసుల సంఖ్య వేళ్ళ మీద లెక్కించేలా ఉండేది. మూసేద్దామనే ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1862లో సెలవు మీద స్వదేశం వెళ్ళిన లైమన్ జ్యూయెట్ మాత్రం దానికి ఒప్పుకోలేదు. మీరు పంపకపోయినా నేను ఒంటరిగా వెళ్ళి తెలుగువారి మధ్యే బతికి అక్కడే చనిపోతానని చెప్పేశాడు. అంతకు ముందే, 1854 నూతన సంవత్సర దినాన తెల్లవారుజామున, ఆయన, ఆయన భార్య, నెల్లూరు జూలియాతో సహా ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి ప్రార్థించారు. ఆ కొండనే మనం ప్రార్థన కొండ అంటాం. పన్నెండేళ్ళ తరువాత ఆ ప్రార్థనకు జవాబు వచ్చింది. జ్యూయెట్‌తో కలిసి 1864 చివర బోస్టన్‌లో ఓడ ఎక్కిన క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ 1865లో మద్రాసులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తలుపు దగ్గర నిలబడినవారు

దయ చూపడం గురించి క్లౌకు మొదటి పరీక్ష కరువు కంటే చాలా ముందే ఎదురైంది. ఒంగోలులో ఆయన బడి పెట్టగానే అగ్రకులాల పిల్లలు చేరారు. పెద్దలు కూడా ఆదరంగా మాట్లాడారు. ఊరి ప్రముఖులు కొందరు సువార్త వినడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించారు. ఏ మిషనరీకైనా సంతోషం కలిగించే ఆరంభం అది.

అదే సమయంలో ఒంగోలుకు పడమట దూరాన ఉన్న తల్లకొండపాడు అనే పల్లె నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగ కులంలో పుట్టి తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి. సత్యం కోసం గురువులను ఆశ్రయించి, యోగమార్గంలో ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు. క్రీస్తును గూర్చి విన్నాక 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తరువాత తన పల్లెకు రమ్మని క్లౌను పిలుచుకుపోయాడు. ఆ మొదటి ప్రయాణంలోనే 28 మంది విశ్వసించి బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య ఊరూరా తిరుగుతూ తన వారికి చెప్పసాగాడు. మాదిగ వాడల నుంచి జనం ఒంగోలు మిషన్ బంగళా తలుపు దగ్గరికి రాసాగారు.

అప్పుడు అగ్రకులాల పెద్దలు తమ మాట చెప్పారు. వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను బడికి పంపము అన్నారు. వారిని దూరం పెడితే ఊరంతా నీ మాట వింటుందన్నది దాని భావం. క్లౌ కలవరపడ్డాడు. తన గదిలోకి పోయి ప్రార్థించి, అక్కడున్న కొత్త నిబంధన తెరిచాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి భాగం కనబడింది. దేవుడు పిలిచినవారిలో లోకం దృష్టికి జ్ఞానులు, ఘనులు ఎక్కువ మంది లేరని, లోకం తక్కువగా చూసినవారినే ఆయన ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఆ సంగతి చెబుదామని భార్య గదికి వెళితే, ఆమె ముందు కూడా అదే పుట తెరిచి ఉంది. ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఒకే మాట దగ్గరికి వచ్చారు. ఇక సందేహం మిగలలేదు. తలుపు దగ్గర నిలబడినవారిని లోపలికి పిలిచారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. ఊరిలో ఆయనకు దక్కిన గౌరవం చాలావరకు పోయింది.

ఈ నిర్ణయం ఖరీదు మనం గమనించాలి. అపరిచితుడికి అన్నం పెట్టడం కొంత సులువు. అతడి పక్కన కూర్చోవడం కష్టం. క్లౌ దంపతులు ఆ కష్టమైన దానితోనే మొదలుపెట్టారు. అందుకే పదేళ్ళ తరువాత కరువు వచ్చినప్పుడు వారు చేసిన సాయాన్ని పేదలు నమ్మగలిగారు.

డొక్కల కరువు

1876లో వానలు కురవలేదు. 1877లో నైరుతి రుతుపవనాలు కూడా మొహం చాటేశాయి. మద్రాసు రాజధానిలోని చాలా జిల్లాలు ఎండిపోయాయి. తెలుగువారు దీన్ని ధాత కరువు అన్నారు. పేదల డొక్కలు ఎండి ఎముకలు బయటపడ్డాయి కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా ప్రజలు చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆకలికి తోడు కలరా, మశూచి పల్లెలను ఊడ్చేశాయి. ధాన్యం ఉన్నచోట ధర మండిపోయింది. ముందుగా ఆకలి తాకింది భూమి లేనివారిని. రైతు కల్లంలో గింజ రాలితేనే చెప్పులు కుట్టినవాడికి గింజ దక్కేది. కల్లమే లేకపోతే అతడికి దిక్కెవరు?

ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. కానీ ఖర్చు తగ్గించాలని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877 ఆరంభంలో కూలిని బాగా కోసేశాడు. పురుషుడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితో పాటు అతి కొద్ది డబ్బు. దినమంతా మట్టి మోసేవాడికి అది ఏ మూలకు? మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ ఇది మనిషిని బతికించే కూలి కాదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత గాని అది పెరగలేదు.

ఒంగోలు మిషన్ ఆవరణలోకి ఆకలిగొన్నవారు వచ్చి పడసాగారు. విశ్వాసులు, అవిశ్వాసులు, తెలిసినవారు, ఎన్నడూ చూడనివారు, అందరూ వచ్చారు. క్లౌ తన దగ్గరున్నది పంచాడు. అమెరికాకు, మద్రాసుకు ఉత్తరాలు రాసి తెప్పించినది పంచాడు. కానీ వేల మందిని పిడికిళ్ళతో ఎంతకాలం పోషించగలం? వారికి పని కావాలి. పని దగ్గర మనుషులుగా చూసేవారు కావాలి.

మూడున్నర మైళ్ళ కాలువ

అప్పుడు తీరం వెంట కాలువ తవ్వుతున్నారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మద్రాసు వైపు సముద్రానికి సమాంతరంగా సాగే పడవల కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు మీద దానికి బకింగ్‌హామ్ కాలువ అనే పేరు వచ్చింది. కరువు కాలంలో వేలాది మందికి అది కూలి పని చూపించింది. క్లౌ అధికారుల దగ్గరికి వెళ్ళి అందులో మూడున్నర మైళ్ళు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు, తవ్వించే కాంట్రాక్టు తనకివ్వమని అడిగాడు. లాభం కోసం కాదు. తన పేదలు ఎవరి తిట్లూ తినకుండా, పూర్తి కూలి చేతికి అందుకుంటూ పని చేసుకోవాలని.

రాజుపాలెం దగ్గర శిబిరం వెలిసింది. క్లౌ తన ముప్పై మంది తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఒకప్పుడు మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టిన చేతులు ఇప్పుడు ఒంగోలు తీరపు ఇసుకలో కాలువ గీతలు గీశాయి. లోతు ఎంత, వెడల్పు ఎంత, ఎవరు ఎన్ని గంపల మట్టి ఎత్తారు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నీ ఆయనకు తెలిసిన లెక్కలే. కూలి మంచిదిగా ఇచ్చారు, వాయిదా వేయకుండా ఇచ్చారు. ఆ కబురు దూరదూర పల్లెలకు పాకింది. జనం నడిచి వచ్చారు. బలం వచ్చాక కొందరు ఇంటికి పోయేవారు, వారి స్థానంలో కొత్తవారు చేరేవారు. అలా వేల మంది ఆ శిబిరం మీదుగా సాగిపోయారు. అందరూ కాలువ చివర చూడలేదు. నడిచి రావడానికే శక్తి చాలక దారిలో పడిపోయినవారున్నారు, శిబిరానికి వచ్చి రోగంతో కన్ను మూసినవారున్నారు.

పని మధ్యలో విశ్రాంతి దొరికినప్పుడు కూలీలు నీడలో కూర్చునేవారు. ఉదయం మట్టి లెక్క చూసిన మేస్త్రీయే అప్పుడు వారి పక్కన కూర్చుని యేసును గూర్చి చెప్పేవాడు. అతడు వారిలాంటివాడే, వారి భాషే, చాలామందికి వారి వాడవాడే. ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరికి రమ్మని ప్రభువు పిలిచిన పిలుపు ఆ కూలీల మనసుకు బాగా పట్టింది. తట్ట మోసి తల వాచినవాడికి ఆ పిలుపు అర్థం వేరే చెప్పాలా? శిబిరం నుంచి ఇంటికి పోయినవారు చేతిలో కూలితో పాటు ఆ మాట కూడా పల్లెకు పట్టుకుపోయారు.

తలుపు మూసిన పదిహేను నెలలు

ఇక్కడే క్లౌ జీవితంలోని అసలు పరీక్ష వచ్చింది. శిబిరంలో విన్నవారు, పల్లెల్లో విన్నవారు గుంపులుగా వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడగసాగారు. సువార్త కోసం ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో ప్రార్థించిన మిషన్ అది. మూసేద్దామని ఒకప్పుడు అనుకున్న మిషన్ అది. ఇప్పుడు వందలు వేలుగా జనం వచ్చి నిలబడ్డారు. అమెరికాకు గొప్ప నివేదిక రాసుకునే అవకాశం. ఏ సేవకుడికి ఆశ పుట్టదు?

క్లౌ ఇవ్వనన్నాడు.

1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలల పాటు, ఆయన కొత్తగా వచ్చినవారికి బాప్తిస్మం ఇవ్వలేదు. కారణం స్పష్టం. తన చేతిలో కూలి ఉంది, సహాయ ధనం ఉంది, ధాన్యం ఉంది. ఆకలిగా ఉన్నవాడు ఆ చేతిని చూసి వచ్చాడో, క్రీస్తును చూసి వచ్చాడో అతడికే తెలియకపోవచ్చు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రేపు ఆ పేదవాడి మీదే పడుతుంది. ఇంకా ముఖ్యమైనది, అన్నం పెట్టే చేయి ఏదో ఒకటి అడుగుతోందని పేదవాడు అనుకుంటే, అది దయ కాకుండా బేరం అయిపోతుంది. అందుకే క్లౌ అన్నాన్ని అందరికీ తెరిచి ఉంచాడు, సంఘపు తలుపును కొంతకాలం మూసి ఉంచాడు. ఇవ్వవలసినది కులం చూడకుండా, విశ్వాసం అడగకుండా ఇచ్చాడు. విశ్వాసం గురించి మాత్రం ఓపిక పట్టమన్నాడు.

ఆ నిర్ణయంలో నొప్పి లేదనుకోకూడదు. నిజంగా నమ్మి వచ్చినవారు కూడా వెనక్కి పోవలసి వచ్చింది. వారిలో కొందరు బాప్తిస్మం పొందకుండానే ఆ కరువులో చనిపోయి ఉంటారు. ఆ భారం క్లౌ మోశాడు. కానీ దేవుడు వారి హృదయాలను ఎరుగును అనే నమ్మకంతో, తాను మాత్రం ఆకలిని వల చేయకూడదని నిశ్చయించుకున్నాడు.

గుండ్లకమ్మ ఒడ్డున

1878లో కరువు తగ్గుముఖం పట్టింది. కాలువ కాంట్రాక్టు ముగిసింది, పంచడానికి సహాయ ధనం కూడా ఇక లేదు. జూన్ నెలలో క్లౌ తన బోధకులను వెల్లంపల్లికి రమ్మని కబురు పెట్టాడు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న పల్లె అది. ఒంగోలులో మశూచి ఉన్నందువల్ల అక్కడ కలుద్దామనుకున్నారు. జనాన్ని వెంట తీసుకురావద్దని, బోధకులు మాత్రమే రావాలని ఖచ్చితంగా చెప్పాడు. అయినా జనం ఆగలేదు. బోధకుల వెనకాలే గుంపులు గుంపులుగా నడిచి వచ్చారు.

క్లౌ వారి ముందు నిలబడి ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, వెళ్ళిపొండి అన్నాడు. వారు కదలలేదు. మాకు డబ్బు వద్దు అన్నారు. కాలువ పనిలో కాయలు కాచిన చేతులు చూపించారు. మేము అడుక్కుని బతకలేదు, పని చేసి బతికాం, ఇకముందు ఆకలితో చచ్చినా మిమ్మల్ని పైసా అడగం, మమ్మల్ని శిష్యులుగా చేర్చుకోండి అని వేడుకున్నారు. పదిహేను నెలల కిందట క్లౌకు వచ్చిన సందేహానికి ఆ కాయలు కాచిన చేతులు జవాబు చెప్పాయి. ఇప్పుడు ఆయన చేతులు ఖాళీ. అయినా వారు వచ్చారు. ఇంకా వద్దనడానికి తనకు అధికారం లేదని ఆయన గ్రహించాడు.

అప్పుడు కూడా తొందరపడలేదు. బోధకులు ఊరివారీగా పేర్లు రాశారు. ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నించారు. బోధకులకు తెలియనివారిని, విశ్వాసం తేటగా లేనివారిని ఇంకొంతకాలం ఆగమని పంపేశారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. జూలై 3న అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలబడి, ఒక జత అలసిపోతే మరో జత దిగుతూ ఆ పరిచర్య జరిగించారు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున నిలబడి అన్నీ క్రమంగా జరిగేలా చూసుకున్నాడు. పని దేవుడిది, చేతులు తెలుగు సేవకులవి. ఆ సంవత్సరాంతానికి కొత్తగా బాప్తిస్మం పొందినవారు 9,606 మంది అయ్యారు. పదకొండేళ్ళ కిందట ఎనిమిది మందితో మొదలైన సంఘం సుమారు 12 వేలకు చేరింది.

ఇంతమంది ఒకేసారి రావడం చూసి విమర్శించినవారు లేకపోలేదు. ఇదంతా కరువు పంట అన్నారు. ఆ విమర్శకు కాలం సమాధానం చెప్పింది. అన్నం కోసమే వచ్చి ఉంటే, మరుసటి ఏడు వానలు కురిసి పంటలు పండగానే వెళ్ళిపోవాలి. పల్లెల్లో వారికి కష్టాలు తప్పలేదు. ఆదివారం పని చేయమన్నందుకు, గ్రామ దేవత జాతరలో డప్పు కొట్టమన్నందుకు యజమానులకు కోపం వచ్చింది, పని పోగొట్టుకున్నవారున్నారు. అయినా సంఘాలు చెదరలేదు. పల్లె పల్లెకూ బడులు వచ్చాయి. అక్షరం ముఖం చూడని వాడల్లో పిల్లలు బైబిలు చదివారు. ఒంగోలులో ఉన్నత పాఠశాల వచ్చింది, తరువాతి కాలంలో క్లౌ పేరు మీద ఆసుపత్రి వెలిసింది. అనేక దశాబ్దాల పాటు ఆ పరిచర్య వల్ల అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ మేలు పొందారు.

హ్యారియెట్ 1893లో కన్నుమూశాక క్లౌ, జర్మన్ మూలాలున్న ఎమ్మా రౌషెన్‌బుష్ అనే మిషనరీని వివాహమాడాడు. చెప్పులు కుట్టే పేదల మనసు లోతుల్ని, వారి గురువులను, వారి గాథలను ఓపికగా సేకరించి ఆమె 1899లో పుస్తకంగా వెలువరించింది. క్లౌ తన ముదిమిలో చెప్పిన జీవిత కథను కూడా ఆమే రాసి, ఆయన మరణానంతరం 1914లో ప్రచురించింది. క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ప్రభువు సన్నిధికి చేరాడు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన తెలుగు నేల మీద సేవ చేశాడు.

మన చేతిలోని మూట

క్లౌ జీవితం నుంచి మనం నేర్చుకోవలసినది వేల సంఖ్యలు కాదు. సంఖ్యలు దేవుడివి. ఆయన చేసిన మూడు పనులు మాత్రం మనం కూడా చేయగలిగినవే.

మొదటిది, ఆయన ఆకలిగొన్నవాడికి గౌరవం కూడా ఇచ్చాడు. భిక్ష వేసి పంపకుండా పని ఇచ్చాడు, పనికి తగ్గ కూలి ఇచ్చాడు, కూలి వేళకు ఇచ్చాడు. మన ఇంట్లో పనిచేసే మనిషికి నెల కూలి ఆలస్యం చేసి, ఆదివారం బీదలకు పొట్లాలు పంచితే ప్రభువు సంతోషిస్తాడా? మన సంఘం ముందు చెప్పులు కుట్టుకునే మనిషి పేరు మనకు తెలుసా? దయ అనేది పండుగ రోజు చేసే కార్యక్రమం కాదు. రోజూ మనుషులతో మనం నడుచుకునే తీరు.

రెండవది, ఆయన ఇచ్చినదానికి వెల కట్టలేదు. 2020లో కరోనా కాలంలో మన రహదారుల వెంట వలస కూలీలు పిల్లలను ఎత్తుకుని నడిచిపోయారు. ఎందరో విశ్వాసులు వారికి అన్నం, నీళ్ళు, చెప్పులు ఇచ్చారు. వారు ఎక్కడివారో, ఏ దేవుణ్ణి కొలుస్తారో అడగలేదు. వారిలో ఎక్కువ మందిని ఈ జన్మలో మళ్ళీ చూడం. అదే కల్తీ లేని దయ. ఇచ్చిన ప్రతిసారీ ఫొటో తీసుకోవాలనే కోరిక పుడితే కాస్త ఆగి ఆలోచిద్దాం. అన్నం అందుకునేవాడు తల వంచుకుని ఉండగా మనం కెమెరా వైపు చూస్తున్నామంటే, ఆ అన్నానికి అప్పుడే మన వెల మనం తీసేసుకున్నాం. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకూడదని బోధించిన ప్రభువు శిష్యులం మనం.

మూడవది, ఆయన క్రీస్తును దాచుకోలేదు. బేరం పెట్టకపోవడం అంటే నోరు మూసుకోవడమని ఆయన అనుకోలేదు. నీడలో కూర్చున్న కూలీలకు ఆయన బోధకులు యేసు ప్రేమను మనసారా చెప్పారు. వినడం, వినకపోవడం వారి ఇష్టానికి వదిలారు. కూలి మాత్రం విన్నవాడికీ విననివాడికీ ఒక్కటే. ఎవరైనా మనల్ని ఇదంతా ఎందుకు చేస్తున్నావని అడిగితే, నా ప్రభువు నాకు ముందు చేశాడు కాబట్టి అని చెప్పడానికి సిగ్గుపడనక్కర లేదు. అడగకపోతే చేసుకుంటూ పోదాం. చేసిన మేలు దానంతట అదే మాట్లాడే రోజు ఒకటి వస్తుంది.

తీర్పు దినాన రాజు తన కుడివైపున ఉన్నవారితో మాట్లాడే సందర్భం మత్తయి సువార్తలో ఉంది. వారు ఆశ్చర్యపోతారు. మేము నీకు ఎప్పుడు అన్నం పెట్టాం ప్రభువా అని అడుగుతారు. అంటే తాము ఎవరికి పెడుతున్నారో వారికి తెలియదు. లెక్క రాసుకోలేదు, బదులు ఆశించలేదు, ఆకలిగా ఉన్న మనిషిని చూసి పెట్టారు. ఆ మనిషిలో ప్రభువు ఉన్నాడు.

ఈ వారం మన గుమ్మం దగ్గరికో, మన దారిలోకో అపరిచితుడొకడు వస్తాడు. ఊరు తెలియక ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న తల్లి కావచ్చు, ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కుర్రవాడు కావచ్చు, మన సంఘంలో చివరి వరసలో కూర్చుని ఎవరూ పలకరించక వెళ్ళిపోయే కొత్త విశ్వాసి కావచ్చు. మన చేతిలోని మూట విప్పి ముందు అతడికి పెడదాం. పక్కన కూర్చుని పేరు అడుగుదాం. ఆ తరువాతి పని పరిశుద్ధాత్మ దేవుడిది. ఆయన తన పనిని తన సమయంలో చేస్తాడు.